మస్టరు పుస్తకం నుంచి పేస్లిప్ దాకా: తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో నా అనుభవం

మాది అనంతపురం జిల్లా తాడిపత్రి. ఇక్కడ ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో నేను అకౌంటెంటుని. బయటి ఊళ్లవాళ్లు కడప బండలు అని పిలిచే నల్ల నాపరాళ్లు గనుల నుంచి మా దగ్గరికి లారీల్లో వస్తాయి. కోసి, అంచులు సరిచేసి, పాలిష్ పట్టి మళ్లీ లారీకెక్కిస్తాం. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడే మా అమ్మకాలు, కొనుగోళ్లు కంప్యూటరులోకి పోయాయి, ఎందుకంటే వేరే దారి లేదు. రిటర్న్ ఆన్‌లైన్‌లోనే వేయాలి కదా. కూలీల లెక్క మాత్రం 2023 మార్చి దాకా పుస్తకాల్లోనే నడిచింది. ఆ పుస్తకాల్ని కంప్యూటరుకు మార్చిన పని నా మీద పడింది. అది ఎలా జరిగిందో, ఎక్కడ ఇరుక్కున్నామో రాస్తున్నాను. ఇలాంటి చిన్న ఫ్యాక్టరీలోనో, మిల్లులోనో, షాపులోనో లెక్కలు చూసేవాళ్లకు పనికొస్తుందని.

ముందు పాత పద్ధతి గురించి చెప్పాలి. దాన్ని చులకన చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

మా పెద్ద గుమాస్తాని అందరూ పెద్దాయన అంటారు, నేనూ అలాగే అంటాను. ఆయన దగ్గర ఎర్ర బట్ట అట్టలున్న బౌండు పుస్తకాలు వరసగా ఉండేవి. రోజువారీ జమాఖర్చులకు చిట్టా. చిట్టా నుంచి ఖాతాలవారీగా ఎక్కించే లెడ్జరు, దాని మొదట్లో అకారాది పేజీలు. హాజరుకు మస్టరు. నెలాఖరు కూలీకి బట్వాడా పుస్తకం. అప్పులకు అడ్వాన్సు పుస్తకం. లారీ లోడింగుకు ఒక పొడుగు డైరీ. ఏటా కొత్త పుస్తకం తెరిచేటప్పుడు మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు పెట్టి, మధ్యలో శ్రీ రాసి, అప్పుడే కలం పెట్టేవాడు.

మస్టరులో ఆయన గుర్తులు పాత కాలం లెక్క గుర్తులు. పూర్తి రోజుకు ‘హా’, రానిరోజుకు సున్నా, అర రోజుకు రెండు నిలువు గీతలు, పావుకు ఒక గీత, ముప్పావుకు మూడు. డేటా ఎక్కించడానికి కొన్నాళ్లు వచ్చిన కుర్రాడు రెండు గీతల్ని రెండు ఓటీలు (ఓవర్‌టైములు) అనుకుని కొట్టుకుంటూ పోయాడు. పావుగంట తర్వాత పెద్దాయన వెనక నిలబడి చూసి, “ఏమప్పా, వీనికి ఇంత కూలిస్తే నేను కూడా బండలు మోసేటోన్నే” అన్నాడు.

బట్వాడా పుస్తకం చూస్తే ఆయన పనితనం తెలుస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరస. హాజరు, కూలి, ఓటీ, వారం ఖర్చు, అడ్వాన్సు కటింగు, చేతికి ఇచ్చేది. చివర రెవెన్యూ స్టాంపు మీద సంతకమో వేలిముద్రో. 5,000 దాటిన రసీదుకు రూపాయి స్టాంపు ఉండాలి కాబట్టి బట్వాడా రోజు ఆయన జేబులో స్టాంపుల షీటు ఉండేది. ఒక్కో వరసను అడ్డంగా కూడేవాడు, ఒక్కో గడిని నిలువుగా కూడేవాడు, చివరి మూలలో రెండూ ఒకే అంకె కావాలి. కాకపోతే ఆ రోజు ఇంటికి పోడు.

తేడా వెతకడంలో ఆయనకు కొన్ని ఉపాయాలున్నాయి. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయని అర్థం. 540 రాయాల్సిన చోట 450 రాస్తే తేడా 90. అన్ని ఖాతాల జమలు, ఖర్చులు సరిచూసే ట్రయల్ బ్యాలెన్సులో తేడా సరిసంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ సగం ఏ ఖాతాలోనన్నా జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడిందా అని చూసేవాడు. నేను బీకాంలో ఇది చదివాను. కానీ 90 తేడా చూడగానే నేరుగా పేజీ తిప్పి తప్పు మీద వేలు పెట్టడం ఆయన దగ్గరే చూశాను.

మరి అంత బాగుంటే మార్చడం ఎందుకంటే, లెక్కలో లోపం వచ్చి కాదు. మనుషులు పెరిగారు. ఇరవైమంది అయితే పీఎఫ్ తప్పనిసరి. ఫ్యాక్టరీలో పదిమంది ఉంటే చాలు, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్టాలి. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ మరుసటి నెల 15వ తేదీలోపు ఆన్‌లైన్‌లో కట్టాలి. ప్రతి మనిషికీ విడివిడిగా అంకెలు అప్‌లోడ్ చేయాలి. పుస్తకంలో వేసిన లెక్కని మళ్లీ ఎక్సెల్‌లో కొట్టి, ఎక్సెల్ నుంచి మళ్లీ పీఎఫ్ ఫైలు చేసేసరికి ఒకే లెక్కను మూడుసార్లు రాసినట్టయ్యేది. మూడు చోట్లా మూడు రకాల అంకెలు ఉండే ప్రమాదం కూడా. పైగా ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపన్ను లెక్కలో అది ఖర్చుగా ఒప్పుకోరు. మిషన్ మేస్త్రీల జీతాలు ఆ గీత ఎప్పుడో దాటాయి. ఆడిటరు ప్రతి ఏడాదీ అదే పాట. చివరికి ఓనరు సారు సరే అన్నాడు. మేం వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీలోనే పేరోల్ (జీతాల లెక్క) ఉంది కాబట్టి కొత్తగా కొనాల్సింది లేదు. సారుకు నచ్చిన విషయం అదే అనుకుంటా.

ఏప్రిల్ 1న మొదలుపెట్టాలని అనుకున్నాం. ఏడాది మధ్యలో మొదలుపెడితే పాత అడ్వాన్సు బాకీలు, బోనసు లెక్క, సెలవుల లెక్క సగం పుస్తకంలో, సగం కంప్యూటరులో ఉండిపోతాయి. ఎవరన్నా అడిగితే నేను ఈ ఒక్క సలహా గట్టిగా ఇస్తాను.

టాలీలో పేరోల్ ఆన్ చేయడం పెద్ద పని కాదు. ఉద్యోగుల గ్రూపులు, హాజరు రకాలు, పే హెడ్లు (జీతంలో కలిపే, కోసే పద్దులు), ఒక్కొక్కరి జీతం వివరాలు, అంతే. ఒక రోజులో అయిపోతుందనుకున్నాను. పే హెడ్ దగ్గర ఆగిపోయాను. ‘కూలి ఎలా లెక్కకట్టాలి’ అని అది అడుగుతుంది. దానికి నేను జవాబు చెప్పాలి. నాకు తెలియదు. ఓనరుకూ తెలియదు. పెద్దాయనకు తెలుసు, కానీ ఆయన ఎప్పుడూ ఎవరికీ చెప్పే అవసరం రాలేదు.

ఆయన పక్కన కూర్చుని అడగడం మొదలుపెట్టాను.

నెల జీతం వాళ్లకు ఒక రోజు మానేస్తే ఎంత కోస్తారు? “ఇరవైయారుతో భాగిస్తాం.” అందరికీనా? “వాచ్‌మెన్‌కి ముప్పైతో. ఆయనకు ఆదివారం లేదు కదా.” నెలకు 15,600 జీతం ఉన్న మనిషికి 26తో భాగిస్తే రోజుకు 600, ముప్పైతో భాగిస్తే 520. రెండు రోజులు మానేస్తే 1,200 పోవడమా, 1,040 పోవడమా అనేది ఈ ఒక్క మాట మీద ఉంది. ఇది ఎక్కడా రాసి లేదు.

మధ్యలో కరెంటు పోతే? “పొద్దున్నే పోయి మళ్లీ రాకపోతే అర. మధ్యాన్నం అన్నం తిన్నాక పోతే పూర్తి.” రెండు గంటలు పోయి వస్తే? “వాళ్లు ఊరికే కూర్చోరు గదమ్మా, అంచులు కొట్టుకుంటారు. పూర్తి.” మిషన్ రిపేరు అయితే? “అది మన తప్పు. పూర్తి.” వాన పడి లారీ రాకపోతే? దానికి ఆయన కాసేపు ఆలోచించి, “ఎవరు అడిగితే వాళ్లకు పూర్తి” అన్నాడు. అది రూలుగా రాయడానికి కుదరలేదు. అందరికీ పూర్తి అని రాసి సారు దగ్గర సంతకం పెట్టించుకున్నాను.

పాలిష్ మిషన్ మీద పనిచేసేవాళ్లలో కొందరికి రోజు కూలి కాదు, అడుగుల లెక్క. చదరపు అడుగుకు ఇంత. అయితే విరిగిన బండ అడుగులు లెక్కకు వస్తాయా? పాలిష్ పట్టేటప్పుడు విరిగితే రావు. పాలిష్ అయ్యాక దించేటప్పుడు విరిగితే వస్తాయి. ముందే చీలిక ఉన్న రాయి అయితే సగం. ఆ సగం ఎవరు తేలుస్తారు? మేస్త్రి. ఇలాంటివన్నీ కాగితం మీద పెడితే రెండు పేజీలు నిండాయి. ఆ రెండు పేజీలు మా ఫ్యాక్టరీలో అంతకుముందు లేనివి. కంప్యూటరైజేషన్ అని అందరూ సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడతారు కానీ, మాకు జరిగిన అసలు పని ఈ రెండు పేజీలే అని నా ఉద్దేశం. పెద్దాయన రేపు రాకపోతే మా కూలి ఎంతో మాకే తెలిసేది కాదు.

తర్వాత పేర్లు. ఇది బయటివాళ్లు ఊహించలేని తలనొప్పి.

మస్టరులో పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు, నల్ల ఓబులేసు అని ఉంటారు. (పేర్లు మార్చాను, తీరు మాత్రం అదే.) ఆధార్‌లో ముగ్గురూ ఓబులేసులే, ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, ఒకరికి అసలు లేదు. బ్యాంకు పాసుబుక్కులో ఓబులేశు. ఇంతకుముందు పనిచేసిన ఫ్యాక్టరీలో వేసిన పీఎఫ్ నంబరులో ఇంకో స్పెల్లింగు. 2021 సెప్టెంబరు నుంచి యూఏఎన్‌కు (మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు) ఆధార్ లింక్ కాకపోతే ఆ మనిషి పేరు మీద నెలవారీ పీఎఫ్ వేయడం కుదరదు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, మూడూ కలవాలి. మా వాళ్లలో చాలామంది పుట్టిన తేదీ జనవరి 1. బడికి పోని మనిషి, ఏడాది మాత్రం చెబితే వాళ్లే జనవరి 1 వేసేశారు. కొందరికి రెండు యూఏఎన్‌లు ఉన్నాయి, వాళ్లకే తెలియదు.

పుస్తకానికి ఇదేమీ అక్కర్లేదు. నల్ల ఓబులేసు అంటే ఎవరో ఇచ్చేవాడికి తెలుసు, తీసుకునేవాడికి తెలుసు. కంప్యూటరుకు, దాని వెనకున్న ఆఫీసులకు మనిషి ముఖం తెలియదు కదా. ఆధార్ సెంటరు చుట్టూ తిరిగి, జాయింట్ డిక్లరేషన్లు (పనివాడు, ఫ్యాక్టరీ కలిసి ఇచ్చే సవరణ అర్జీలు) పెట్టి, ఒక్కొక్కరిదీ సరిచేయడానికి వేసవి అంతా పట్టింది. అందుకోసం పనిమానేసిన రోజుకు కూలి ఇప్పించాను. ఇవ్వకపోతే ఎవరూ వెళ్లరు.

ఏప్రిల్ నుంచి మూడు నెలలు రెండూ నడిపాం. పెద్దాయన పుస్తకంలో బట్వాడా వేస్తాడు, నేను కంప్యూటరులో వేస్తాను, డబ్బు మాత్రం పుస్తకం లెక్క ప్రకారమే ఇస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు చూసుకుంటాం. మొదటి నెల దాదాపు అందరికీ తేడా వచ్చింది. చాలావరకు చిన్న తేడాలు. పెద్దాయన నగదు ఇస్తాడు కాబట్టి పది రూపాయలకు సరిచేస్తాడు, చిల్లర బాధ ఉండదు. కంప్యూటరు రూపాయికి సరిచేస్తుంది.

ఒక లెక్క చూపిస్తే అర్థమవుతుంది. రోజుకు 550 చొప్పున 26 రోజులు వచ్చిన మనిషికి కూలి 14,300. అందులో పీఎఫ్ 12 శాతం, 1,716. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 107 రూపాయల 25 పైసలు, దాన్ని పై రూపాయికి సరిచేసి 108. వారం వారం ఖర్చుకు తీసుకున్నది 500 చొప్పున 2,000. పాత అడ్వాన్సులో ఈ నెల కటింగు 1,000. చేతికి వచ్చేది 9,476. ఫ్యాక్టరీ తన వైపు నుంచి ఇంకో 1,716 పీఎఫ్‌కు కట్టాలి, అందులో కూలి మీద 8.33 శాతం అంటే 1,191 పింఛను ఖాతాకు, మిగతా 525 పీఎఫ్ ఖాతాకు పోతుంది. ఈఎస్ఐ ఫ్యాక్టరీ వాటా 3.25 శాతం. ఇవన్నీ ఒక్క మనిషికి. పెద్దాయన ఇది చేత్తో వేయలేడని కాదు, వేసేవాడు. కానీ ప్రతి నెలా అందరికీ వేసి, 15వ తేదీలోపు ముగించాలంటే ఆయన కళ్లు సహకరించడం లేదు.

పెద్ద తేడా ఒకటి వచ్చింది. ఒక మిషన్ ఆపరేటరుకి కంప్యూటరు 150 రూపాయలు తక్కువ చూపించింది. ప్రొఫెషనల్ ట్యాక్స్. మన రాష్ట్రంలో నెల జీతం 15,000 దాకా లేదు, ఆ పైన 20,000 దాకా 150, అది దాటితే 200. ఆ నెల ఓటీ కలిపి ఆయనకు 15,000 మీద కొద్దిగా దాటింది. పుస్తకంలో ఆయన్ని ట్యాక్స్ లేనివాడిగానే పెట్టుకున్నాం, ఓటీ కలిసి దాటే నెలల్లో ఎవరూ చూడలేదు. ఆయనకు చెబితే, “నలభై రూపాయలు ఎక్కువ సంపాదించినానని నూటయాభై కోస్తావా పాపా?” అన్నాడు. సరైన మాటే. శ్లాబుల్లో ఎప్పుడూ అంతే, గీత దగ్గర నిలబడ్డవాడికి దెబ్బ.

మూడో నెలకు రెండు లెక్కలూ కలిశాయి. పెద్దాయన ఆ రోజు బట్వాడా పుస్తకంలో చివరి మొత్తం కింద రెండు గీతలు కొట్టి, పుస్తకం మూసి నా టేబుల్ మీద పెట్టాడు. నేనేదో అనబోతే, “టీ తెప్పించు” అన్నాడు.

ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. చేత్తో రాసిన పుస్తకంలో తప్పు ఉంటే లెక్క కలవదు. కలవకపోతే వెతుకుతాం. కంప్యూటరులో లెక్క ఎప్పుడూ కలుస్తుంది. జమ, ఖర్చు సమానం కాకపోతే అది ఎంట్రీనే తీసుకోదు. ట్రయల్ బ్యాలెన్సులో తేడా రావడం అనేదే దాదాపు ఉండదు. అందుకని లెక్క సరైనదని కాదు. చిన్న ఓబులేసుకు ఇచ్చిన అడ్వాన్సు నల్ల ఓబులేసు ఖాతాలో పడితే మొత్తం చక్కగా కలిసిపోతుంది, ఒకడి జీతంలో మాత్రం కటింగు పడుతుంది. పెద్దాయన తొమ్మిది ఉపాయం ఇక్కడ పనికిరాదు. అందుకే బట్వాడాకు ముందు అడ్వాన్సుల లిస్టు ప్రింటు తీసి మేస్త్రి చేత చదివిస్తాను. ఆయనకు అంకెలు కాదు, ఎవడు ఎప్పుడు ఎందుకు డబ్బు తీసుకున్నాడో తెలుసు. కూతురు పెళ్లికి, బోరు వేయడానికి, ఆసుపత్రికి. ఆ జ్ఞాపకం ఏ రిపోర్టులోనూ రాదు.

హాజరు దగ్గర కూడా సారు ఉత్సాహపడి వేలిముద్ర మిషన్ తెప్పించాడు. ఐటీ కంపెనీలో అది బాగానే ఉంటుందేమో. మా దగ్గర పొద్దున గేటు ముందు పెద్ద లైను. ఏళ్ల తరబడి బండలు ఎత్తి దించినవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ఇంకొందరికి స్లర్రీ (రాతి పొడి బురద) నీళ్లలో నాని చర్మం పగిలి ఉంటుంది. మిషన్ ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటుంది. చెయ్యి కడుక్కుని రమ్మంటే, తుడుచుకుని రమ్మంటే, నూనె రాయమంటే, అరగంట అక్కడే పోయింది. ఆధార్‌తో రేషన్ తీసుకునేటప్పుడు కూడా ఇదే అవస్థ అని వాళ్లు నవ్వారు. తర్వాత ముఖం చూసే మిషన్ పెట్టాం, అది కొంత నయం, రాతి పొడి కెమెరా మీద పడుతుంది కాబట్టి రోజూ తుడవాలి. కానీ జీతానికి ఆధారం మాత్రం మేస్త్రి రాసే మస్టరే. సాయంత్రం మిషన్ లిస్టుతో పోల్చుకుంటాను, తేడా ఉంటే అదే రోజు అడుగుతాను. నెలాఖరులో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

బ్యాంకులో వేయడం మొదలయ్యాక మగవాళ్లకంటే ఇళ్లలోని ఆడవాళ్లు ఎక్కువ మాట్లాడారు. కొందరి భార్యలు వచ్చి, డబ్బు తమ ఖాతాలో వేయమన్నారు. వేయలేం, పనిచేసినవాళ్ల ఖాతాలోనే వేయాలి అని చెప్పడం నాకు కష్టమైంది, ఎందుకు అడుగుతున్నారో తెలుసు కాబట్టి. కొన్ని ఖాతాలు రెండేళ్లుగా వాడక ఆగిపోయి ఉన్నాయి, బ్యాంకుకు పోయి కేవైసీ ఇస్తే గానీ తెరుచుకోలేదు. బ్యాంకులు కలిసినప్పుడల్లా ఐఎఫ్ఎస్సీ కోడ్‌లు మారతాయి. మా సీమలో ఊరూరా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మా జీతాల లిస్టులో పెద్ద భాగం ఆ ఖాతాలే కాబట్టి మళ్లీ అందరి పాసుబుక్కులూ తెప్పించుకుని చూసుకున్నాను. వారం ఖర్చు మాత్రం ఇప్పటికీ నగదే. శనివారం సాయంత్రం 500 చేతిలో పడకపోతే ఆదివారం కూర ఉండదు.

పేస్లిప్ దగ్గర నేను గట్టిగా పట్టుబట్టాను. టాలీలో వచ్చేది ఇంగ్లిష్. అది ఇచ్చి ఏం లాభం? ఎక్సెల్‌లో తెలుగు చీటీ చేసుకున్నాను. హాజరు, కూలి, ఓటీ, పీఎఫ్, ఈఎస్ఐ, ఖర్చు, ఈ నెల కటింగు, ఇంకా మిగిలిన అడ్వాన్సు, చేతికి వచ్చేది. చివరి రెండు అంకెలూ పెద్ద అక్షరాల్లో. మొదటి నెల ఇచ్చినప్పుడు అందరూ మడిచి జేబులో పెట్టుకున్నారు. రెండో నెల నుంచి ప్రశ్నలు మొదలయ్యాయి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలు చదివి చెబుతున్నారు మరి.

స్లర్రీ ఎత్తే పనిలో ఉన్న ఒకామె చీటీతో పాటు గోడ క్యాలెండరు కూడా చంకలో పెట్టుకుని వచ్చింది. తెలుగు క్యాలెండరు, తిథి నక్షత్రాల పక్కన పెన్సిలు గీతలు. పనికొచ్చిన రోజుకు ఒక గీత, అర రోజుకు చిన్న గీత. “మీ మిషను నా ఒక దినం మింగేసింది పాపా” అంది. చీటీలో ఇరవైమూడున్నర, ఆమె క్యాలెండరులో ఇరవైనాలుగున్నర. మస్టరు చూశాను, ఇరవైమూడున్నరే. ముఖం మిషన్ చూశాను, అదీ అంతే. సారు అయితే అక్కడితో ముగించేవాడు. కానీ ఆమె వేలు పెట్టి చూపిన తేదీన రాత్రి పొద్దుపోయాక లారీ వచ్చింది. దాని లోడింగుకు యార్డు ఊడ్చి దారి చేయడానికి ఆమెనూ ఇంకొకామెనూ ఇంటి నుంచి పిలిపించారు. అది మేస్త్రి లోడింగు డైరీలో రాశాడు, మస్టరులో కాదు. గేటు మిషన్ ఆ వేళకు కట్టేసి ఉంది. కంప్యూటరు చూసేది మస్టరు ఒక్కటే. ఇద్దరికీ ఒక రోజు కూలి కలిపి ఇచ్చాం. అప్పటి నుంచి బట్వాడాకు ముందు లోడింగు డైరీ కూడా చూడడం నా పనిలో చేరింది.

పెద్దాయన కాలంలో అయితే ఇది జరిగేది కాదు అంటారు పాతవాళ్లు. నిజమే, ఆయన రాత్రి లారీకి కూడా వచ్చి నిలబడేవాడు. కానీ ఆయన కాలంలో ఆమె చేతిలో చీటీ ఉండేది కాదు, పోల్చుకోవడానికి. నేను ఈ రెండో మాటకే ఎక్కువ విలువ ఇస్తాను.

లోడింగు ముఠాను మాత్రం పేరోల్‌లోకి తేలేదు. వాళ్లు మా ఒక్క ఫ్యాక్టరీ మనుషులు కారు, ఏ లారీ ఎక్కడుంటే అక్కడికి పోతారు. లారీకి ఇంత అని ముఠా మేస్త్రికి ఓచరు మీద ఇస్తాం. వాళ్లలో వాళ్లు ఎలా పంచుకుంటారో ఆయన జేబులోని చిన్న డైరీకి తెలుసు. ఆ డైరీ ఒకసారి చూశాను. పేర్లు లేవు, బొమ్మల్లాంటి గుర్తులు ఉన్నాయి. తగాదా ఎప్పుడూ వినలేదు. అన్నిటినీ కంప్యూటరులోకి లాగాలన్న తొందర నాకు లేదు.

సామాను సంగతి. రాతి పొడి కంప్యూటరుకు శత్రువు. మొదటి ఏడాదే హార్డ్ డిస్క్ పోయింది. రోజూ రెండు పెన్‌డ్రైవులకు మార్చి మార్చి బ్యాకప్ తీసుకుంటాం, ఒకటి సారు ఇంట్లో ఉంటుంది, కాబట్టి ఒక్కరోజు ఎంట్రీలు మళ్లీ కొట్టుకోవడంతో సరిపోయింది. పుస్తకం అయితే ఒకే కాపీ, చెదలు పట్టినా, నీళ్లు పడ్డా అంతే సంగతులు. మా గోడౌన్‌లో చెదలు తిన్న పాత లెడ్జర్లు ఉన్నాయి.

చేత్తో రాసిన అంకెను కొట్టేసి మారిస్తే మరక కనబడుతుంది. పెద్దాయన కొట్టివేత పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు. కంప్యూటరులో నిన్నటి ఓచరు మార్చినా జాడ ఉండదని ఆయన భయం. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ తప్పనిసరి చేశారు. మాది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి మాకు నిబంధన లేదు. అయినా టాలీలో ఆ సౌకర్యం ఉన్నదే వాడుతున్నాం. పెద్దాయనకు చూపిస్తే కాసేపు చూసి, “ఇది బాగుంది, సారు మార్చినా తెలుస్తుందా?” అని అడిగాడు. తెలుస్తుంది అన్నాను.

సారుకు నచ్చని రిపోర్టు కూడా ఒకటి వచ్చింది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు ప్రతి 20 రోజులకు ఒకటి చొప్పున జీతంతో సెలవు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) వచ్చేదాకా. పుస్తకాల్లో ఆ లెక్క తీయాలంటే పన్నెండు నెలల మస్టరు తిరగేయాలి, కాబట్టి ఎవరూ తీయలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు లిస్టు దానంతట అదే వస్తుంది. నేను ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను. చాలా రోజులు అది అక్కడే ఉంది. ఆడిటరు వచ్చి చూశాక కదిలింది.

బోనసు అయితే పూర్తిగా తేలికయింది. కనీసం 8.33 శాతం, ఎక్కువలో ఎక్కువ 20. దసరా, దీపావళి ముందు పెద్దాయన రాత్రుళ్లు కూర్చుని ఏడాది బట్వాడాలు తిరగేసేవాడు. ఇప్పుడు ఏడాది మధ్యలో చేరినవాళ్లది, మానేసి మళ్లీ వచ్చినవాళ్లది మాత్రం చేత్తో సరిచూస్తాను. మిగతాది కంప్యూటరు తీస్తుంది.

మానేసేవాళ్ల సంగతి ఇప్పుడు చూసుకోవాల్సి ఉంది. మా దగ్గర కుర్రాళ్లు బెంగళూరు పోతుంటారు, గ్రానైటు పనికి, డెలివరీ పనికి. పాత పద్ధతిలో మస్టరులో ఆ పేరు మీద ఎర్ర గీత కొట్టి, “బట్వాడా రోజు రాప్పా, లెక్క చూసుకుందాం” అనేవాళ్లం. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం మనిషి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. లెక్క తీయడం కంప్యూటరుతో పదినిమిషాల పని. పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ కూడా వేయాలి, వేయకపోతే ఆ కుర్రాడు అక్కడ పీఎఫ్ తీసుకోవడానికి తిప్పలు పడతాడు. ఈ రెండూ చేస్తున్నాను. తేలనిది పెద్ద అడ్వాన్సు. ఇరవై వేలు బాకీ ఉన్నవాడికి పన్నెండు రోజుల కూలి రావాల్సి ఉంటే ఏం చేయాలి? పెద్దాయన అయితే వాళ్ల నాయనను పిలిపించి మాట్లాడేవాడు. నేను సారును అడిగాను, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఎంత ఇవ్వొచ్చు, నెలకు ఎంత కోయాలి, మధ్యలో పోతే ఎలా అన్నది రాసిపెడదామని. ఆ రెండు పేజీలకు మూడో పేజీ చేరాలి. సారు ఇంకా సంతకం పెట్టలేదు.